తరుగు

అవెన్యూ రోడ్డులో మూడో అంతస్తు.
కింద బైండింగు జిగురు వాసన, పైన నేను.
బడి చార్టులకు తెలుగు ప్రూఫులు దిద్దుతాను.
ఒత్తులూ దీర్ఘాలూ నా పూచీ.
బొమ్మలు కావు.

తెలంగాణ రాష్ట్ర చిహ్నాల చార్టులో ఐదు గళ్లు.
జింక సరే. పాలపిట్ట సరే.
జమ్మి చెట్టూ తంగేడు పువ్వూ సరే.
ఐదో గడిలో కొర్రమీను.
రకారం కింద ఒత్తు ఉందా, ఉంది.
'మీ'కి దీర్ఘం ఉందా, ఉంది.
టిక్కు పెట్టేశాను.

నాలుగు వేలు అచ్చయ్యాక ఒకటి చుట్టచుట్టి
చంకలో పెట్టుకుని
శనివారం శివాజీనగరం మార్కెట్టుకి వెళ్లాను.
పెంచలమ్మ తొట్టి దగ్గర నాకెప్పుడూ అరువే.
"ఏందబ్బా ఆ పటం?"
విప్పాను.
పొలుసులంటిన వేలు ఐదో గడి మీద ఆనించి
నవ్వింది చూడండి,
పక్క దుకాణాల్లో కత్తులు ఆగిపోయాయి.

"ఇదేం చేప?
ఒళ్లంతా అమ్మవారు పోసినట్టు ఆ చుక్కలేంది,
పక్కన ఆ గులాబీ చారేంది?
కొర్రమీనుకి పెళ్లా?"

ట్రౌటు అది.
ఎక్కడో మంచు కరిగిన ఏట్లో ఎదురీదే చేప.
అక్కడెవరికో అదీ రాష్ట్ర చేపేనట.
డిజైను చేసే బసవప్రభు
కంప్యూటర్లో ఆ రెండు మాటలూ కొడితే
ముందుగా దూకింది అదే.
"చెన్నాగిదెయల్లా సార్," అన్నాడు తర్వాత, తల గోక్కుంటూ.
అవును, బాగానే ఉంది.
వచ్చిన చిక్కే అది.

కొర్రమీనుకి ఎవరూ అంత అందం పెట్టలేదు.
పాము తల. వానాకాలపు గట్టు రంగు.
చెరువు ఎండితే బురదలో దూరి
పైకొచ్చి ఒక గుక్క గాలి మింగి
మళ్లీ దూరి, వాన కోసం కాచుకుంటుంది.
మిరప గింజల్లాంటి ఎర్రటి పిల్లల గుంపు కింద
తండ్రి కాపలా తిరుగుతాడు,
నీడ పడితే చాలు, గాలాన్నయినా కొరుకుతాడు.
"ఆ కోపానికే దొరికిపోతాడు," అంది పెంచలమ్మ
విరాల్ ఎంతని అడిగిన తమిళ ముసలాయనకి
వేళ్లతో ధర చూపిస్తూ.

కిలోంపావు చేపని నీళ్ల సంచిలో వేసి ఇచ్చింది.
"చూసి గీసుకో. పొద్దుగూకే లోపల తేవాల.
చచ్చిందా, డబ్బులు."

ప్రెస్సులో బకెట్టు మీద అట్ట మూసి
అట్ట మీద నిఘంటువు పెట్టాను.
పెన్సిలు చెక్కుకుని వచ్చేసరికి
నిఘంటువు నేల మీద బోర్లా పడి ఉంది,
బకెట్లో నా ముఖం మాత్రం ఉంది.

బసవప్రభు బీరువాల కింద టార్చి వేశాడు.
నేను మెట్ల దాకా తడి జాడ వెతికాను.
కటింగ్ మిషను కింద,
కాగితపు తుక్కులో దొరికింది.
ఒంటి నిండా చార్టుల అంచులు అంటుకుని,
వీపు మీద జింక కాలు ఒకటి,
తోక దగ్గర ఎక్కడిదో తలకట్టు.
నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచి
మా గది గాలి మింగుతోంది
తీరిగ్గా,
మూడు నెలల అద్దె ముందే కట్టినట్టు.

అలాగే గీశాను. జింక కాలు మాత్రం వదిలేశాను.

తిమ్మరాయప్పగారు మళ్లీ అచ్చు వేయనన్నారు.
స్టిక్కరు చాలన్నారు.
రెండు రాత్రులు, నాలుగు వేల సార్లు
చుక్కల చేప మీద నల్ల చేపని పరిచి
బొటనవేలితో గాలి బుడగలు నొక్కాం.
ఒకటి రెండు బుడగలు మిగిలే ఉంటాయి.
ఏ రెండో తరగతి గోడ దగ్గరో
ఒక పిల్ల అంచు గీరుతుంది,
లోపల గులాబీ చార కనిపిస్తుంది,
పంతులమ్మని అడుగుతుంది.
ఆమె ఏం చెబుతుందో నాకు తెలీదు.

చేపని మాత్రం ఆ సాయంత్రమే తిరిగిచ్చాను.
పెంచలమ్మ తక్కెడలో వేసింది.
ఇరవై గ్రాములు తరుగు.
"నీ బొమ్మలోకి పోయుంటది," అని
నా పద్దులో రాసుకుంది.